ఇస్త్రీ కింద సూది

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ఆఖరమ్మ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. కుట్టిన ప్రతి బట్టా ఇస్త్రీకి పోయే ముందు ఆఖరుగా ఆమె బల్ల మీదికి రావాలి గనక ఆ పేరు. పిలిస్తే ఆమెకు కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గీర కూడా ఉండేది. తన చెయ్యి దాటిన బట్టలో తప్పు పట్టే మనిషి ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం. పంతొమ్మిదేళ్ళుగా ఆ నమ్మకం వమ్ము కాలేదు.

చదువంటే రెండో తరగతిలో సగం. మిగతా సగం వాళ్ళమ్మ చిరుగుల కొట్టులో గడిచింది. వీధి మలుపులో రెండు గోడల సందున రేకు కప్పిన కొట్టది. ఎవరి చొక్కా మోచెయ్యి చిరిగినా, ఎవరి లంగా అంచు ఊడినా అక్కడికే వచ్చేవారు. తల్లి కుట్టిన చోట కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఆవిడ పోయేటప్పుడు కూతురికి నగలు ఇవ్వలేదు, నాణేలు ఇవ్వలేదు, ఒక రేకు డబ్బాలో ఏడు సూదులు ఇచ్చింది. చెమట పట్టినా వేళ్ళలోంచి జారిపోకుండా ఒక్కో సూదికీ కన్ను కింద ఆకురాయితో మూడు గాట్లు పెట్టి ఉంచింది. అలాంటి సూది ఊరు ఊరంతా గాలించినా దొరకదు.

ఫ్యాక్టరీలో చేతిసూది నిషేధం. మిషన్ సూదులు సైతం లెక్క ప్రకారం ఇస్తారు. ఒకటి విరిగితే దాని ముక్కలన్నీ వెతికి పుస్తకంలో అతికించేదాకా ఆ వరుస కదలడానికి వీల్లేదు. ఆఖరమ్మ మటుకు డబ్బాని బల్ల సొరుగులో గుడ్డపేలికల కింద దాచుకునేది. ఎక్కడైనా అంచు వేలెడు ఊడి కనిపిస్తే, తప్పు రాసి వెనక్కి పంపడం ఆమెకు నామోషీ. చుట్టూ ఒకసారి చూసి, సూది తీసి, నాలుగు కుట్లు వేసి, దారం పళ్ళతో కొరికేసేది. కొరికేటప్పుడు సూదిని అంచులోకే గుచ్చి ఉంచడం తల్లి దగ్గర అబ్బిన అలవాటు. కొరకడం అయ్యాక లాగేసి డబ్బాలో పెట్టేది.

ఈ సంగతి తెలిసిన మనిషి అక్కడ ఒక్కతే. రెండు బారల దూరంలో గుండీల కాజాలు కుట్టే మిషన్ మీద కూర్చునే కాజాలమ్మ. ఆఖరమ్మ కన్నా పదిహేనేళ్ళు చిన్న, ముస్లిం, మొగుడు నడుం పడిపోయి మంచం దిగడు, కూతురు నర్సు చదువులో ఉంది. ఇల్లు నడిచేది ఆవిడ చేతుల మీదే. ఆవిడకీ ఒక రహస్యం ఉంది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకునే వేళ పెట్టెల గదిలోకి వెళ్ళి, పేర్చిన అట్టపెట్టెల వెనక శుభ్రంగా ఉన్న జానెడు చోటులో నమాజు చేసుకు వచ్చేది. సూపర్‌వైజర్ని అడిగితే కాదంటాడని అడగలేదు. ఆ పది నిమిషాలూ ఆఖరమ్మ కాపలా. ఈమె సూది సంగతి ఆవిడ ఎత్తదు, ఆవిడ పెట్టెల సంగతి ఈమె ఎత్తదు. ఇలా ఉందాం అని వాళ్ళు ఎన్నడూ మాట్లాడుకోలేదు. పదకొండేళ్ళు అలాగే జరిగింది.

ఆ ఫ్యాక్టరీలో కుట్టేది రెండు రకాలు. ఎడమ పక్క వరుసల్లో పడమటి దేశాల కొట్లకు వెళ్ళే గౌన్లు. కుడి పక్క వరుసల్లో అరబ్బు దేశాలకు వెళ్ళే పొడుగాటి నల్ల అంగీలు. ఒకళ్ళకి చేతులే ఉండకూడదు, ఇంకొకళ్ళకి మణికట్టు కూడా కనిపించకూడదు. కుట్టు వంకర పోతే మాత్రం ఇద్దరికీ ఒకటే కోపం. తమ సరుకు ఎదుటివాళ్ళ సరుకు పెట్టిన బల్ల మీద పెట్టకూడదని ఇద్దరూ కాగితం పంపారు. ఎవరి అనుమానం ఏమిటో యజమాని అడగలేదు. నేల మీద పసుపు గీత గీయించి, గీతకు అటొక బల్ల ఇటొక బల్ల వేయించాడు. ఆఖరమ్మను ఇద్దరిని చెయ్యలేడు గనక మధ్యలో తిరుగుడు స్టూలు ఒకటి వేయించాడు. ఆమె ఇటు తిరిగి గౌను చూసేది, అటు తిరిగి అంగీ చూసేది. చెయ్యి అదే, కన్ను అదే.

ఆ ఏడు ఆ రెండు లోకాలకూ పొద్దు పొడిచినా గూకినా తగాదానే. ఒక నగరంలో సంతలో బాంబు పేలింది. దానికి జవాబని ఇంకో దేశం మీద విమానాలు వెళ్ళి ఇళ్ళు కూల్చాయి. క్యాంటీన్ టీవీలో ఇవాళ వీళ్ళ జెండా వాళ్ళు కాలిస్తే రేపు వాళ్ళ గ్రంథం వీళ్ళు కాల్చేవారు. మంటలు టీవీలో ఉన్నా సెగ క్యాంటీన్ బల్లల దాకా వచ్చింది. ఏనాడూ లేనిది, అన్నం దగ్గర కూడా తలగుడ్డ తీయని ఆడవాళ్ళంతా ఒక బల్ల దగ్గర, తక్కినవాళ్ళంతా ఒక బల్ల దగ్గర కూర్చోవడం మొదలైంది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు.

ఇంటికి వస్తే అల్లుడు. లారీల తూకం కాటా దగ్గర గుమాస్తా. రోజంతా బరువులు చూసి చూసి సాయంత్రానికి దేశాలను తూచడం మొదలుపెట్టేవాడు. పళ్ళెం ముందు కూర్చుని టీవీ వైపు వేలు చూపిస్తూ, వాళ్ళలో ఎవర్నీ నమ్మకూడదు అత్తయ్యా, నవ్వుతూనే ఉంటారు, అదను చూసి దెబ్బ కొడతారు అనేవాడు. ఆఖరమ్మ ఒకటి రెండుసార్లు నోరు మూసుకుని తినమంది. తర్వాత తర్వాత వినడం మొదలుపెట్టింది. చెవిలో పడ్డ మాట ఊరికే పోదు గదా.

అనుమానం ఆమెకు కొత్త కాదు. పాలవాడు నీళ్ళు కలుపుతాడని, పక్కింటావిడ గోడ కింద చెవి పెడుతుందని పుట్టిన దగ్గరనుంచీ అనుమానమే. నెల రోజుల కిందట డబ్బాలో సూదులు లెక్కపెడితే ఆరే ఉన్నాయి. ముందు రోజు డబ్బా ఇంటికి తెచ్చుకున్న గుర్తు ఉంది గనక, కూతురే దేనికో తీసి ఎక్కడో పారేసిందని తేల్చుకుంది. ఒట్టు పెట్టినా వినకుండా రెండు రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది గాని క్షమించలేదు.

ఇక ఆ సోమవారం సంగతి. పొద్దున్నే మిషన్లన్నీ ఆపించి సూపర్‌వైజర్ నడిమధ్య నిలబడ్డాడు. అతనికి మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది, అందుకని ఈలాయన అంటారు. ఆ రోజు ఈల ఊదలేదు. పడమటి కంపెనీ కొట్టులో మూడేళ్ళ పిల్లకు తొడగబోయిన గౌనులో సూది దొరికిందని చదివి చెప్పాడు. పిల్లకు గుచ్చుకోలేదు, తల్లి వేలికి గుచ్చుకుంది. ఆ తల్లి ఫొటో తీసి లోకమంతా పంచింది. గౌను ఎక్కడ కుట్టారో, కుట్టినవాళ్ళు ఏ మతంవాళ్ళో అక్కడి జనం ఆరా తీస్తున్నారట. కంపెనీ తరఫున మనిషి వస్తోందన్నాడు.

బట్టలన్నీ ఇస్త్రీ అయ్యాక ఇనుమును పట్టే యంత్రంలోంచి పోవాలి. లోపల ఇనుము ఉంటే అది కూతపెడుతుంది. ఆ తర్వాతే పెట్టెల్లో సర్దుతారు. యంత్రం ఆ రోజు చక్కగా పనిచేసింది, కూత పెట్టలేదు అని ఈలాయన పుస్తకం చూపించాడు. అంటే సూది యంత్రం దాటాకే పడింది. యంత్రం దాటాక మిగిలింది పెట్టెల గదే. పొరపాటున పడే చోటు కాదది. ఎవరో కావాలని గుచ్చారు.

కావాలని అన్న మాట గాలిలోకి వచ్చాక ఇక ఆపేదెవరు. మధ్యాహ్నానికి తక్కినవాళ్ళు తలగుడ్డల వైపు, తలగుడ్డలవాళ్ళు నేల వైపు చూస్తున్నారు.

ఈలాయన ఒక్కొక్కరినీ అద్దాల గదిలోకి పిలిచాడు. ఆఖరమ్మ వంతు వచ్చేసరికి, ఎంతైనా నీ బల్ల దాటిపోయిన గౌనే కదా, వయసు మీద పడింది, కళ్ళకి అద్దాలు పెట్టుకోకూడదూ అన్నాడు. ఆమె ఒళ్ళు మండింది. ఆ మంటలో నోరు జారింది.

“నా బల్ల దాటాక మీ పెట్టెల గదిలో ఎవరెవరు తచ్చాడతారో నాకేం తెలుసు? నన్నడుగుతారేం? మధ్యాహ్నం పూట అక్కడ ఏం పనో ఆ కాజాలావిణ్ణి అడగండి.”

అన్నాక నాలుక కరుచుకుంది. ఈలాయన అప్పటికే రాసుకుంటున్నాడు. ఇంకేమైనా తెలుసా అంటే ఏమీ తెలియదంది. కాళ్ళు ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. కాజాలమ్మ తలెత్తి, ఏమడిగాడక్కా అంది. ఏముంది, కళ్ళ గురించి అంది ఆఖరమ్మ, అటు తిరగకుండానే.

తాను చేసింది తప్పు కాదని మనసుకు నచ్చచెప్పుకోవాలంటే, ఆవిడ తప్పు చేసిందని నమ్మాలి. నమ్మడానికి కారణాలు వెతికింది. వెతికితే దొరకనివేముంటాయి. ఆ మధ్య క్యాంటీన్ టీవీలో కూలిన ఇళ్ళ కింద నుంచి పసిపిల్లల్ని తీస్తుంటే, వాళ్ళ పిల్లకి చీమ కుడితే లోకం ఆగుతుంది, వీళ్ళ పిల్లలు చచ్చినా టీ చల్లారదు అంది కాజాలమ్మ. ఆ రోజు ఆఖరమ్మ కూడా ఔనని తలూపింది. ఇప్పుడు ఆ మాటే ఇంకోలా వినిపించింది. ఈమధ్య ఫోను వస్తే బయటికెళ్ళి మాట్లాడుతోంది. ఎందుకెళ్ళాలి? పదకొండేళ్ళలో ఒక్కసారైనా నమాజులో ఏమని వేడుకుంటుందో చెప్పిందా? ఎందుకు చెప్పలేదు? తాను ఎప్పుడైనా అడిగిందా అన్న ప్రశ్న ఒకటి తల ఎత్తబోతే దాన్ని అక్కడే నొక్కేసింది.

సాయంత్రం ఇంట్లో నోరు విప్పలేదు. విషయం ఊరంతా పాకింది గనక అల్లుడే ఎత్తాడు. నేను చెప్పలా అత్తయ్యా అన్నాడు. ఆ చెప్పలా అన్న మాటలో సంతోషం విని ఆమెకు అన్నం సహించలేదు.

మర్నాడు కంపెనీ మనిషి దిగింది. పొడుగ్గా, ముక్కు మీద చిన్న చిన్న మచ్చలతో, చంకలో పలకలాంటి కంప్యూటరుతో వచ్చింది. ఆడవాళ్ళు అప్పటికప్పుడే పలకమ్మ అని పేరు పెట్టేశారు. ఆమె మాటను మన భాషలోకి మార్చడానికి ఒక దుబాసీ పిల్ల. పలకమ్మ కాజాలమ్మను పిలిపించి గంట సేపు కూర్చోబెట్టింది. సూదిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి చూపించింది. పెట్టెల వెనక ఏం చేస్తావని, ఎవరితో ఫోనులో మాట్లాడతావని అడిగింది. చివర్లో గొంతు మెత్తగా చేసుకుని, ఈ తలగుడ్డ మీ చేత ఎవరైనా బలవంతంగా కట్టిస్తున్నారా అని కూడా అడిగించింది. మిషన్లో జుట్టు పడకుండా తలకు గుడ్డ కట్టుకోవాలని మీ కంపెనీ కాగితంలోనే ఉంది కదమ్మా, అందరిచేతా కట్టిస్తున్నది మీరే అందట కాజాలమ్మ. దుబాసీ పిల్ల బయటికి వచ్చి చెబితే ఒకరిద్దరు నవ్వారు. పలకమ్మ నవ్వలేదు, రాసుకుంది.

ఆ మధ్యాహ్నమే అరబ్బు కంపెనీ తరఫు మనిషి కూడా ఊడిపడ్డాడు. మాట్లాడుతున్నంతసేపూ చేతి గడియారం తిప్పుకుంటూ ఉంటాడు గనక గడియారమాయన. ఆయన అనుమానం ఆయనది. సూది పడమటివాళ్ళే గుచ్చుకున్నారని, ఈ ఫ్యాక్టరీలో ముస్లింలను పనిలోంచి తీయించడానికి ఎత్తు వేశారని యజమానితో అన్నాడు. తమ అంగీల్లో ఏం దోపారోనని సర్దిన పెట్టెలన్నీ విప్పించాడు. అలాగని కాజాలమ్మ తరఫున ఒక్క మాట మాట్లాడాడా అంటే అదీ లేదు. ఆవిడ బయట బల్ల మీద కూర్చుని ఉంటే పక్కనుంచే గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

కాజాలమ్మ మిషన్ మీద గుడ్డ కప్పేశారు. ఆవిణ్ణి అద్దాల గది బయట చెక్కబల్ల మీద కూర్చోబెట్టారు. తేలేదాకా రోజూ సాయంత్రం గంట కొట్టేవరకూ లేవడానికి లేదు, పని చెయ్యడానికి లేదు. తేలితే ఉద్యోగం పోతుంది. అది ఒక్కటే అయితే ఇంకోచోట చూసుకోవచ్చు. పేరు కంపెనీ జాబితాలోకి ఎక్కితే ఏ కుట్టు ఫ్యాక్టరీ గుమ్మమూ ఎక్కనివ్వరు. కూతురి చదువు, మొగుడి మందులు, అన్నీ ఆ చెక్కబల్ల మీదే కూర్చున్నాయి. ఎదురుగా మూడు రోజులు ఆఖరమ్మ స్టూలు మీద ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. కాజాలమ్మ ఒకటి రెండుసార్లు ఇటు చూసింది. కోపం లేదు, వేడికోలు లేదు. ఏమీ లేని ఆ చూపే ఆఖరమ్మకు గుబులు పుట్టించింది. ఏదో దాస్తోంది, దొంగ కాకపోతే ఏడవాలి కదా అనుకుంది.

నాలుగో రోజు పలకమ్మ ఆఖరి సంతకాల కోసం ఆఖరమ్మను పిలిచింది. గదిలో యజమాని, ఈలాయన, దుబాసీ పిల్ల ఉన్నారు. బల్ల మీద ఆ గౌను. పసుపు రంగు, తెల్ల పువ్వులు. పక్కనే ప్లాస్టిక్ సంచిలో సూది.

అప్పటిదాకా ఆఖరమ్మ ఆ సూదిని చూడలేదు. ఫ్యాక్టరీలో సూది అంటే మిషన్ సూదే. పొట్టిగా, లావు తలతో ఉంటుంది. సంచిలో ఉన్నది సన్నగా, పొడుగ్గా ఉంది. కన్ను కింద మూడు గాట్లు ఉన్నాయి.

ఇంట్లో పోయిందనుకున్న సూది. కూతురితో మాటలు మాన్పించిన సూది. ఆ రోజు కూడా కళ్ళ ముందు కదిలింది. గౌను అంచు వేలెడు ఊడింది, కుట్టింది, దారం కొరుకుతుండగా ఈలాయన తలుపు తీసుకుని వచ్చాడు. అన్నాల వేళ దాటినా కాజాలమ్మ సీటు ఖాళీగానే ఉంది, ఆవిడ ఇంకా పెట్టెల వెనకే ఉంది. ఈలాయన కళ్ళు అటు పడకుండా ఈమె గబుక్కున లేచి వెళ్ళి ఆ మిషన్ దగ్గర నిలబడి, దారం తెగిందండీ, సరిచేస్తున్నా అంది. తిరిగి వచ్చేసరికి గౌను ఇస్త్రీకి పోయింది.

నోరు మూసుకుని సంతకం పెట్టి వచ్చేస్తే సరిపోతుంది. సూది తనదని చెప్పగలవాళ్ళు లేరు. ఒక్కతే ఉంది, ఆవిడ మాట ఎవరు నమ్ముతారు? ఆఖరమ్మ ఆ లెక్క వేసుకోలేదని చెబితే అబద్ధం. వేసుకుంది. వేసుకుంటూనే అద్దంలోంచి బయటికి చూసింది. చెక్కబల్ల మీద కాజాలమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉంది. కుడి బొటనవేలూ చూపుడువేలూ తమంతట తామే కదులుతున్నాయి, గుండీ కంత కొలుస్తున్నట్టు. అప్పుడు తెలిసింది. సంచిలో సూదిని మంగళవారమే ఆవిడ చూసింది. చూసిన క్షణానే గుర్తుపట్టి ఉంటుంది.

“ఆ సూది నాది,” అంది ఆఖరమ్మ.

దుబాసీ పిల్ల రెండోసారి చెప్పించుకుని పలకమ్మకు చెప్పింది. పలకమ్మ ముఖం చిట్లించి, ముందుకు వంగి, మెల్లగా ఏదో అడిగింది.

“మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా అని అడుగుతున్నారు. వాళ్ళవాళ్ళు మీ ఇంటికి గానీ వచ్చారా? భయపడకుండా చెప్పండి, మీ పేరు బయటికి రాదు.”

“నన్ను బెదిరించే మొనగాడు ఇంకా పుట్టలేదని చెప్పమ్మా. నా తప్పు నేను చెబుతున్నా. దాన్ని కూడా ఇంకొకళ్ళకి అంటగడతారా?”

యజమాని కంగారుగా, పెద్దావిడండీ, మతి నిలకడగా ఉండదు అన్నాడు. ఈలాయన కలగజేసుకుని, జాలి పడి చెబుతోంది, ఇద్దరూ పదకొండేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటారు అన్నాడు. ఇన్నాళ్ళూ నిజం చెప్పే మనిషిగా పేరు. ఇప్పుడు నిజం చెబుతుంటే ఒక్కరు నమ్మరు. సూది మీద గాట్లు చూపించింది. ఎవరైనా పెట్టుకోవచ్చన్నారు. యంత్రం కూత పెట్టలేదు కదా, మీ బల్ల దగ్గర పడి ఉంటే యంత్రం పట్టేది అని పలకమ్మ మళ్ళీ ఆ పుస్తకమే తెరిచింది.

ఆఖరమ్మకు పుస్తకాలు చదవడం రాదు. బట్ట చదవడం వచ్చు. గౌను దగ్గరికి లాక్కుని, అంచు వేళ్ళతో నిమిరి, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టింది. సూది గుచ్చి ఉన్న చోట బట్ట మీద సన్నటి గీత తళుక్కుమంది. సూది అంత పొడుగు, సూది అంత సన్నం.

“ఇదిగో, ఇక్కడ చూడమనండి. కింద గట్టి వస్తువుండి పైన ఇస్త్రీ పెట్టె నడిస్తే బట్ట ఇలా మెరుస్తుంది. సూది లోపల ఉండగానే ఇస్త్రీ అయింది. పెట్టెల గదిలో గుచ్చితే ఈ మెరుపు ఎక్కడ్నించి వస్తుంది? అక్కడ ఇస్త్రీ పెట్టె లేదు, నిప్పూ లేదు. ఇక మీ యంత్రం ఎందుకు కుయ్యలేదో, ఈల మెళ్ళో వేసుకున్న ఆయన్ని అడగండి.”

పలకమ్మ గౌను అందుకుని తనూ వెలుతురుకు పట్టింది. సంచిలోంచి సూది తీసి ఆ గీత మీద పెట్టింది. సరిగ్గా అతికింది. వేలితో ఆ మెరుపును రెండుసార్లు రాసి చూసింది. ఏ దేశందైనా బట్టలు చూసే మనిషి వేలు అలాగే రాస్తుంది. అప్పుడు ఈలాయన వైపు తిరిగింది. అతను కాసేపు అదీ ఇదీ చెప్పి, చివరికి ఒప్పుకున్నాడు. ఆ రోజు యంత్రం చెడిపోయింది, లారీ వచ్చి నిలబడింది, పని చేసినట్టు రాసి పంపేశాడు.

ఆ సాయంత్రమే ఆఖరమ్మను పనిలోంచి తీసేశారు. కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు. వేలిముద్ర ఎందుకు, నా చేతులకేమైందని కలం పట్టి, ఎవరూ పిలవని ఆ పేరు అక్షరం అక్షరం పేర్చి సంతకం చేసింది. సొరుగు తెరవనివ్వలేదు. కాపలావాడు గేటు దాకా వెంట వచ్చాడు. ఈలాయనకు పదిహేను రోజులు ఇంట్లో కూర్చోమని శిక్ష. కాజాలమ్మ మిషన్ మీద గుడ్డ తీశారు. పెట్టెల గదిలో మాత్రం ఆ వెనక మూలకు చూసేలా కెమెరా ఒకటి బిగించారు. ఇదంతా అయ్యాక కూడా గడియారమాయన, ఆ ముసలావిడ చేత ఎవరు చెప్పించారో కనుక్కోమన్నాడట.

అల్లుడు రెండు రోజులు టీవీ గొంతు తగ్గించి పెట్టాడు. మూడో రోజు ఉండబట్టలేక, ఏమైనా మీరు ఒప్పుకోకుండా ఉండాల్సింది అత్తయ్యా, వాళ్ళు మీ కోసం ఒప్పుకుంటారా అన్నాడు. ఆఖరమ్మ లేచి వెళ్ళి టీవీ ఆపేసింది. కూతురితో ఆమె చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. చెప్పలేదు. ఆ సాయంత్రం కూతురి రవిక చంక దగ్గర చిరిగితే అడగకుండానే తీసుకుని, అంగట్లో కొన్న సూదితో కుట్టి పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం కాజాలమ్మ వచ్చింది. రమ్మన్నా లోపలికి రాలేదు, గడపలోనే నిలబడింది. తలగుడ్డ మడతల్లోంచి రేకు డబ్బా తీసి చేతిలో పెట్టింది. సూదుల డబ్బాతో గేటు దగ్గర దొరికితే ఈసారి జాబితా దాకా కూడా పోనక్కర్లేదు, అక్కడికక్కడే పట్టుకుపోయేవారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తలగుడ్డ విప్పి వెతకడానికి ఇప్పుడు భయపడుతున్నారులే, వాటిని ముట్టుకోవద్దని పలకమ్మ కాగితం రాసి వెళ్ళింది అంది కాజాలమ్మ. ఆ మాటకు ఇద్దరూ కొంచెం నవ్వారు.

“మంగళవారమే గుర్తుపట్టావు కదూ?” అంది ఆఖరమ్మ.

“పట్టాను.”

“మరి చెప్పలేదేమే?”

“చెబితే నమ్ముతారా? అక్క మీదకి తోస్తోందంటారు.” కాజాలమ్మ గుమ్మం చెక్కను వేలితో గీసింది. తర్వాత అంది, “అదొక్కటే కాదులే. నువ్వెప్పుడు చెబుతావో చూద్దామనుకున్నా.”

“నేను దాన్ని నాలుగో రోజు దాకా చూడలేదు. నా కూతురి మీద ఒట్టు.”

“సూది సంగతి కాదక్కా. పెట్టెల వెనక్కి నేను వెళ్తానని నీకు తప్ప ఎవరికీ తెలీదు.”

ఆఖరమ్మ డబ్బా మూతను బొటనవేలితో నొక్కి పట్టుకుంది. లోపల్నుంచి కూతురు నీళ్ళు తెచ్చింది. కాజాలమ్మ తాగి, గ్లాసు బోర్లించి గడప పక్కన పెట్టింది. మీ ఆయనకి ఎలా ఉందని ఆఖరమ్మ అడిగింది. అలాగే ఉందంది. నమాజు ఇప్పుడెక్కడ అని అడగబోయి, అడిగే హక్కు పోయిందని ఊరుకుంది. ఆవిడే చెప్పింది, ఇంటికెళ్ళాకే చేసుకుంటున్నా అని. వెళ్ళొస్తానక్కా అని మెట్లు దిగింది. మళ్ళీ వస్తాననలేదు, రాననీ అనలేదు.

వీధి మలుపు తిరిగేదాకా ఆఖరమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని డబ్బా మూత తీసింది. తీసి, సూదులు ఒక్కొక్కటీ అరచేతిలోకి తీసుకుని లెక్కపెట్టింది.

ఆరూ ఉన్నాయి. లెక్క పెడుతున్నానన్న సంగతి ఆరోదాని దగ్గరికి వచ్చాక గాని ఆమెకు తెలియలేదు.